మనుమరాలి జ్వరం – తాత నేర్చుకున్న పాఠం

(షేక్‌పేటలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం వక్తే వ్రాసి ఇచ్చిన పాఠం.)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను జంకాను. నేను డాక్టరును కాను. ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. వేల ఫైళ్ళు నా చేతి మీదుగా పోయాయి గాని, ఒక్క రోగి నాడి కూడా పట్టినవాణ్ణి కాను. బి.పి. గురించి, షుగరు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మనం ఎన్నోసార్లు విన్నాం. ఈ రోజు నేను చెప్పబోయేది మన జబ్బు కాదు. మన మనుమలకు, మనుమరాళ్ళకు వచ్చే జబ్బు. మా ఇంట్లో జరిగిందే చెబుతాను. అందులో తప్పు నాది కాబట్టి దాచకుండా చెబుతాను. మా మనుమరాలిని అడిగి, ఆమె సరేనన్న తరువాతే వచ్చాను. పేరు మాత్రం చెప్పవద్దంది. చెప్పను.

జబ్బు పేరు ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్. ఆ మాట తిన్నగా పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది. దీనికి గ్రంథుల జ్వరం అని పాత పేరు ఉంది. మనకు అదే సులువు.

క్రిందటి సంవత్సరం సంక్రాంతి సెలవులు అయిపోయి బళ్ళు తెరిచిన వారం. అమ్మాయి అప్పుడు పదవ తరగతి. వయసు 15. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ పడేసి పడుకుంది. ఒళ్ళు కాలుతోంది. గొంతు నొప్పి, మింగుడు పడటం లేదు. మరునాటికి మెడకు రెండు ప్రక్కలా బిళ్ళలు కట్టాయి. కళ్ళ రెప్పలు ఉబ్బాయి. మా ఇంటావిడ "గవద బిళ్ళలేమోనండీ" అంది. నేను నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూశాను. లోపల తెల్లటి పొర కనిపించింది. "ఇది గొంతు ఇన్ఫెక్షన్. నాకు తెలుసు" అన్నాను.

అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగస్థులు. పగలు ఇంట్లో పెద్దలం మేమే. మనందరి ఇళ్ళలోనూ ఒక మందుల డబ్బా ఉంటుంది. పాత బిస్కెట్ల డబ్బా. అందులో నా పన్ను తీసినప్పుడు మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రల అట్ట ఉంది. గడువు తేదీ చూశాను, దాటలేదు. అదే గొప్ప జాగ్రత్త అనుకున్నాను. రోజుకు రెండు చొప్పున వేయించాను. కోడలు సాయంత్రం వచ్చి "మావయ్యగారూ, ఒకసారి డాక్టరుకు చూపిద్దామా" అంటే, "ఈ మాత్రం దానికి డాక్టరెందుకమ్మా, కోర్సు పూర్తి కానీ" అన్నాను.

జ్వరం తగ్గలేదు. ఆరో రోజున ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. ముఖం, వీపు, చేతులు, అరచేతి దాకా. మా ఇంటావిడ తట్టు పోసిందని చెప్పి వేపమండలు తెప్పించింది. కోడలు ఈసారి నన్ను అడగలేదు. ఆటో పిలిచి పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

ఆ డాక్టరమ్మ గొంతు చూసింది, మెడ తడిమింది, పొట్ట ఎడమ ప్రక్క ప్రక్కటెముకల కింద వేలితో నొక్కి చూసింది. తరువాత మొదటి ప్రశ్న, "ఏం మందులు వాడారు?" అని. నేను చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. చీటీ మీద వ్రాసుకుంది. అంతే. నలభై ఏళ్ళ వయసు ఉంటుంది ఆమెకు, నా కూతురి వయసు. నేను తల ఎత్తలేకపోయాను.

రక్త పరీక్ష చేయించారు. మరునాడు రిపోర్టు వచ్చింది. తెల్ల కణాలు 18,000. మామూలుగా 11,000 లోపు ఉండాలట. వాటిలో లింఫోసైట్లు సగం కంటే ఎక్కువ. క్రింద ఒక వాక్యం: వింత రూపంలో ఉన్న లింఫోసైట్లు కనిపించాయి అని. మా అబ్బాయి ఆ కాగితం చదివి నా చేతికిచ్చి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. తెల్ల కణాలు పెరిగాయి, వింత కణాలున్నాయి అంటే మనకు తోచేది ఒకటే మాట. బ్లడ్ క్యాన్సర్. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. ఎవరూ నిద్రా పోలేదు.

తెల్లవారి డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. రక్తం చుక్కను సూక్ష్మదర్శిని క్రింద నిపుణుడు స్వయంగా చూశారు. క్యాన్సర్‌లో కనిపించే పచ్చి కణాలు లేవు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు బాగున్నాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కు పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. "ఇది గ్రంథుల జ్వరం. దీనికి ప్రత్యేకమైన మందు అక్కర లేదు. విశ్రాంతి, నీళ్ళు, జ్వరానికి పారాసిటమాల్. నెల రోజులు ఓపిక పట్టండి" అంది. దద్దుర్లు కూడా ఆ మాత్రల వల్లనే అని చెప్పింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ జాతి మందులిస్తే చాలామందికి ఇలా దద్దుర్లు లేస్తాయట.

సోదరులారా, ఇక్కడితో కథ ముగిస్తే బాగుండేది. ముగియలేదు.

మా దగ్గర బంధువు ఒకరు ఫోను చేశారు. జబ్బు పేరు చెబితే, ఆయన ఎక్కడో చూసి, "దీన్ని ముద్దు జబ్బు అంటారటండీ. ముద్దు పెట్టుకుంటే వస్తుందట" అన్నారు. నవ్వుతూనే అన్నారు. స్పీకరులో ఉంది ఫోను. ఇంట్లో అందరూ విన్నారు. అమ్మాయీ విన్నది.

ఆ తరువాత మూడు రోజులు మా ఇల్లు ఎలా ఉందో చెప్పలేను. ఎవరూ ఏమీ అడగలేదు. కోడలు పిల్ల ఫోను తీసి బీరువాలో పెట్టింది. కారణం చెప్పలేదు. మా అబ్బాయి పిల్ల గదిలోకి పోవడం తగ్గించాడు. మా ఇంటావిడ పూజ గదిలో కూర్చుంది. నా సంగతీ దాచను. నా మనసులోనూ అనుమానం వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల, ఎవరితో, ఎప్పుడు అని. ముప్ఫై రెండేళ్ళు గవర్నమెంటులో పనిచేశాను. ఎంతటి ఉద్యోగి మీద ఆరోపణ వచ్చినా ముందు సంజాయిషీ అడగాలి, వివరణ తీసుకోవాలి, ఆ తరువాతే చర్య. మా ఇంట్లో ఆ పిల్లకు ఛార్జి మెమో ఇవ్వకుండానే శిక్ష వేసేశాం.

నాలుగో రోజున నేను ఒక్కణ్ణే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. సాయంత్రం ఏడున్నరకు, ఆఖరి రోగి వెళ్ళిన తరువాత. సిగ్గు విడిచి అడిగాను. "అమ్మా, ఈ జబ్బు అలాగే వస్తుందా?" అని.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అరగంట చెప్పింది. ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నదీ, ఆమె చెప్పిందీ కలిపి ఇప్పుడు మీకు చెబుతాను.

ఈ వైరస్ ఉమ్మిలో ఉంటుంది. ఒకరి ఉమ్మి మరొకరి నోట్లోకి ఏ దారిన వెళ్ళినా చాలు. ఒకే సీసాతో నీళ్ళు తాగడం, ఒకే చెంచాతో ఐస్‌క్రీము తినడం, ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరు కొరకడం. మన చిన్నతనంలో పిప్పరమెంటు బిళ్ళను చొక్కా అంచులో పెట్టి కొరికి "కాకెంగిలి" అని పంచుకునేవాళ్ళం, గుర్తుందా? గుడ్డ అడ్డం పెడితే ఎంగిలి కాదని మన నమ్మకం. వైరస్‌కు ఆ గుడ్డ అడ్డం కాదు. అసలు పసిబిడ్డకు తల్లి అన్నం మెదిపి పెడుతుంది, నాయనమ్మ గోరుముద్ద రుచి చూసి పెడుతుంది, తాత బుగ్గ మీద ముద్దు పెడతాడు. లోకంలో ఎక్కువమంది పిల్లలకు ఇది అంటేది ఇలాగే, ఇంట్లోనే. కాబట్టి దీన్ని ముద్దు జబ్బు అనడం కంటే ఎంగిలి జబ్బు అనడం న్యాయం.

వైరస్ ఒంట్లో ప్రవేశించాక జబ్బు పైకి కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఏ సీసా, ఏ చెంచా అని వెనక్కు వెళ్ళి తేల్చడం ఎవరి వల్లా కాదు. పైగా పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు అంటినవాళ్ళే. ఈ హాలులో కూర్చున్న మనలో దాదాపు అందరమూ. జబ్బు లేకపోయినా అప్పుడప్పుడు మన ఉమ్మిలో అది బయటికి వస్తూనే ఉంటుంది. "పెద్దవారు, ఏమీ అనుకోకండి. మీ మనుమరాలికి మీ ఇంట్లోని కాఫీ గ్లాసు నుంచే రాలేదని ఎవరు చెప్పగలరు?" అంది డాక్టరమ్మ. నా నోట మాట రాలేదు.

అప్పుడు నేను రెండో సందేహం అడిగాను. "మా అమ్మాయి తమ్ముడు నాలుగేళ్ళవాడు. అక్క ఎంగిలి తినకుండా వాడికి పూట గడవదు. వాడికేమీ కాలేదే?" అని.

మిత్రులారా, ఈ జబ్బులో అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ వైరస్ చిన్న పిల్లలకు సోకితే చాలాసార్లు ఏమీ కనిపించదు. రెండు రోజులు జలుబు, కాస్త జ్వరం, అంతే. ఇంట్లో ఎవరికీ తెలియకుండానే వచ్చి పోతుంది. అదే వైరస్ చిన్నతనంలో తప్పిపోయి 14, 15, 20 ఏళ్ళ వయసులో మొదటిసారి సోకితే, అప్పుడు ఇంత హంగామా చేస్తుంది.

కారణం ఏమిటంటే, మనం జబ్బు అని అనుకునేదానిలో ఎక్కువ భాగం వైరస్ చేసేది కాదట. దాన్ని ఎదిరించడానికి మన శరీరం చేసే హడావుడి అట. వైరస్ గొంతులోని టాన్సిళ్ళ దగ్గర దిగి, రక్తంలో బి కణాలనే వాటిలో దూరుతుంది. బి కణాల పని యాంటీబాడీలు తయారు చేయడం. వైరస్ వాటిని ఎడాపెడా పెంచేస్తుంది. దానితో అవి అవసరం లేని యాంటీబాడీలను కూడా తయారు చేస్తాయి. ఆఫీసులో ఒక సెక్షనును ఎవరో ఆక్రమించి, సంబంధం లేని శాఖలన్నిటికీ లెటర్లు పంపినట్లు. అందులో కొన్ని గొర్రె రక్త కణాలకు అంటుకునేవి కూడా ఉంటాయి. 1932లో పాల్, బన్నెల్ అనే ఇద్దరు ఈ చిత్రాన్ని పట్టుకుని దాన్నే పరీక్షగా మార్చారు. చాలా కాలం ఈ జబ్బును అలాగే గుర్తించారు. అయితే నాలుగేళ్ళలోపు పిల్లల్లో ఆ పరీక్ష తరచు నెగెటివ్ వస్తుంది. అందుకని ఇప్పుడు వైరస్‌కే ప్రత్యేకమైన యాంటీబాడీలను చూస్తున్నారు.

ఇక రెండో దళం టి కణాలు. వైరస్ పట్టిన బి కణాలను వెతికి చంపడం వీటి పని. పెద్ద పిల్లల్లో ఇవి లెక్కకు మిక్కిలిగా పుట్టుకొస్తాయి. మా అమ్మాయి రిపోర్టులో కనిపించిన వింత కణాలు ఇవే. ఏ కణాలను చూసి మేము రాత్రంతా వణికామో, అవి శత్రువులు కావు. ఆ పిల్లను కాపాడటానికి వచ్చిన సిపాయిలు. మెడలో బిళ్ళలు, జ్వరం, నీరసం, ఉబ్బిన ప్లీహం, అన్నీ ఆ సిపాయిల దండు దిగిన ఆనవాళ్ళు. ప్లీహం అంటే మన పెద్దవాళ్ళు మలేరియా వచ్చినప్పుడు "కడుపులో బల్ల" అనేవారే, అదే.

చిన్నపిల్లల్లో ఈ దండు ఇంత భారీగా కదలకుండానే పని ముగుస్తుంది. ఎందుకు అన్నదానికి శాస్త్రజ్ఞులు రకరకాల కారణాలు చెబుతున్నారు. పిల్లల్లో సహజ సంహారక కణాలనే మొదటి కాపలాదార్లు చురుకుగా ఉండటం ఒకటి. పెద్ద పిల్లల్లో ఇతర వైరస్‌లతో పోరాడిన పాత టి కణాలు దీని మీదికీ ఎగబడటం ఒకటి. ఒకేసారి ఎక్కువ వైరస్ లోపలికి వెళ్ళడం ఒకటి. వీటిలో ఏది ఎంత అన్నది ఇంకా తేలలేదు. తేలినది ఒకటే: వయసు పెరిగిన కొద్దీ ఈ వైరస్‌తో మొదటి పరిచయం కష్టమవుతుంది.

మన షేక్‌పేటనే తీసుకోండి. ఒక ప్రక్క గోల్కొండ నాటి పాత బస్తీ గల్లీలు. ఇంకో ప్రక్క ఫిలింనగర్, జూబిలీహిల్స్ బంగళాలు. ఇరుకు ఇళ్ళలో పదిమంది పిల్లలు ఒకే కంచంలో తిని పెరిగితే అయిదేళ్ళలోపే ఇది వచ్చి పోతుంది, ఎవరికీ తెలియదు. ఎవరి గది వారికి, ఎవరి గ్లాసు వారికి ఉండే ఇళ్ళలో ఆలస్యంగా వచ్చి ఇలా బయటపడుతుంది. ప్రపంచమంతా ఇదే వరస అట. అంటే మా అమ్మాయికి ఈ జబ్బు పైకి కనిపించడం ఆమె నడతకు గుర్తు కాదు. మేము ఆమెను శుభ్రంగా, వేరుగా పెంచినదానికి గుర్తు.

దీని చరిత్ర కూడా రెండు ముక్కల్లో చెబుతాను, రికార్డు మనుషులం కదా. 1889లో పైఫర్ అనే జర్మన్ డాక్టరు పిల్లల్లో దీన్ని వర్ణించి గ్రంథుల జ్వరం అన్నాడు. 1920లో అమెరికాలో స్ప్రంట్, ఈవన్స్ అనే వారు ఈ నోరు తిరగని పేరు పెట్టారు. వైరస్ మాత్రం వేరే దారిలో దొరికింది. ఆఫ్రికాలో యుగాండా దేశంలో పిల్లల దవడలకు వచ్చే ఒక క్యాన్సర్ గురించి బర్కిట్ అనే డాక్టరు 1961లో లండన్‌లో ఉపన్యాసం ఇచ్చాడు. అది విన్న ఎప్‌స్టీన్ ఆ గడ్డల ముక్కలను విమానంలో తెప్పించుకుని పరిశోధించి, బార్ అనే ఆవిడతోను, అచాంగ్ అనే ఆయనతోను కలిసి 1964లో ఈ వైరస్‌ను ప్రకటించాడు. ఎప్‌స్టీన్ గారు 102 ఏళ్ళు బ్రతికి 2024లో పోయారు.

అయితే ఆ వైరస్‌కూ, గ్రంథుల జ్వరానికీ సంబంధం ఎలా తెలిసింది? అది నాకు చాలా నచ్చిన ఘట్టం. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో హెన్లే దంపతుల ప్రయోగశాల ఉండేది. అక్కడ పనిచేసే ఒక ఉద్యోగిని రక్తంలో ఈ వైరస్‌కు యాంటీబాడీలు లేవు. ఆ సంగతి ముందే పరీక్షించి ఉంచారు. 1967లో ఆమెకు గ్రంథుల జ్వరం వచ్చింది. మళ్ళీ పరీక్షిస్తే యాంటీబాడీలు కనిపించాయి. పాత రికార్డు ఉండబట్టి కదా ఆ తేడా తెలిసింది! ఫైలు సరిగ్గా ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని మన సూపరింటెండెంట్లు మొత్తుకునేవారు. నిజమే.

ఇప్పుడు పరీక్షలో కనిపించే యాంటీబాడీల సంగతి. ఐ.జి.ఎం. అనేది మొదట వస్తుంది, కొద్ది నెలల్లో పోతుంది. మన భాషలో చెప్పాలంటే 10(ఎ)(1) క్రింద టెంపరరీ నియామకం. ఐ.జి.జి. అనేది నిలిచిపోతుంది. పర్మనెంటు ఉద్యోగి. వైరస్ సోకిన కణం కేంద్రకంలో కనిపించే వైరస్ ప్రోటీన్‌కు సంబంధించిన ఇంకొక యాంటీబాడీ రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తుంది. టెంపరరీ ఉండి, ఆలస్యంగా రావలసినది ఇంకా రాలేదంటే జబ్బు కొత్తదని అర్థం. మా అమ్మాయికి అలాగే వచ్చింది.

జబ్బు తగ్గాక వైరస్ పోతుందా అంటే పోదు. కొన్ని బి కణాలలో జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది. ఇప్పట్లో చర్య అక్కరలేని ఫైలును మనం కాల్ బుక్కులో వేసేవాళ్ళమే, అలాగ. టి కణాలు దాన్ని ఎప్పుడూ కనిపెట్టుకునే ఉంటాయి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారికి ముసలితనంలో సర్పి లేస్తుంది, మనలో కొందరు ఆ బాధ పడ్డారు. ఆ వైరస్, ఈ వైరస్ ఒకే కుటుంబం. అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి ఈ వైరస్ మళ్ళీ లేచి ప్రమాదం కావచ్చు. కొన్ని క్యాన్సర్లతో దీనికి సంబంధం ఉంది. నరాలకు వచ్చే మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే జబ్బుకు ఇది ముఖ్య కారణమని 2022లో ఒక పెద్ద అమెరికన్ పరిశోధన గట్టి సాక్ష్యం చూపింది. అలాగని భయపడవలసిన పని లేదు. వైరస్ అంటిన కోట్లాది మందిలో అత్యధికులకు ఏమీ కాదు. దీనికి టీకా మాత్రం ఇంకా వాడుకలోకి రాలేదు, ప్రయత్నాలు జరుగుతున్నాయి.

అరగంట అయ్యాక డాక్టరమ్మ నన్ను గుమ్మం దాకా సాగనంపింది. నేను ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, తిన్నగా పిల్ల గదిలోకి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచం ప్రక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. విన్నదంతా చెప్పాను. "తప్పు మాత్రలు వేసింది నేను. తప్పు ఆలోచన చేసిందీ నేనే. నన్ను మన్నించు తల్లీ" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాత్రల సంగతి పర్వాలేదు తాతయ్యా. నాకు బాగవ్వాలనే కదా వేశావు. కాని నన్ను ఒక్కరూ అడగలేదు. తిట్టినా బాగుండేది. అడిగితే చెప్పేదాన్ని కదా" అంది.

నేను ఆ మాట ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. కోడలు బీరువా తాళం తీసి ఫోను తెచ్చి ఇచ్చి, కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. మా అబ్బాయి ఆ బంధువుకు ఫోను చేసి మర్యాదగానే, గట్టిగా నాలుగు మాటలు చెప్పాడు. అప్పుడు పిల్ల లేచి కూర్చుని చారన్నం తింది. జ్వరం తగ్గింది రెండు వారాలకు గాని, ఆమెకు తగ్గడం మొదలైంది ఆ రోజునే అని నేను అనుకుంటాను.

నీరసం ఇంకో నెల ఉంది. పదకొండు గంటలకే కళ్ళు మూతలు పడేవి. నాలాంటివాడు ఇంతకుముందయితే బద్ధకం అనేవాడే. అనలేదు. పుస్తకం నేను చదివి వినిపించాను, ఆమె పడుకుని విన్నది. త్రోబాల్ ఆట డాక్టరమ్మ చెప్పేదాకా మాన్పించాం. మార్చిలో పరీక్షలు వ్రాసింది.

ఇక తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు గుర్తుంచుకోవలసినవి కొన్ని చెప్పి ముగిస్తాను.

మొదటిది: మిగిలిన మాత్రలు దాచకండి. దాచినా పిల్లలకు వేయకండి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్ మీద పనిచేయదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో ఆరియోమైసిన్ వంటి యాంటీబయాటిక్ లోకానికి వచ్చింది. ఆ మందులు వరప్రసాదాలు. చోటు తప్పి వాడితేనే చేటు.

రెండవది: మనలో చాలామంది గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నాం. పిల్లల జ్వరానికి అది ఇవ్వకూడదు. వైరస్ జ్వరాల్లో అది పిల్లల కాలేయానికి, మెదడుకు అరుదుగా పెద్ద ప్రమాదం తెస్తుంది.

మూడవది: దద్దుర్లు లేస్తే ఏ మందు వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. అది నిజమైన ఎలర్జీయా, ఈ జబ్బులో వచ్చే దద్దుర్లా అన్నది డాక్టరే తేల్చాలి.

నాలుగవది: కనీసం మూడు వారాలు పరుగులు, దెబ్బలు తగిలే ఆటలు, బరువులు ఎత్తడం వద్దు. ఉబ్బిన ప్లీహం అరుదుగానైనా పగిలే ప్రమాదం ఉంది. డొక్కలో ఎడమ ప్రక్క హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, ఊపిరి ఆడకపోవడం, మంచినీళ్ళు కూడా దిగకపోవడం, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

అయిదవది: రిపోర్టు కాగితం చూసి మనమే తీర్పు చెప్పుకోవద్దు. అది అర్జీ మాత్రమే, ఆర్డరు కాదు. ఆర్డరు వ్రాయవలసింది డాక్టరు.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. పిల్లకు ఏ జబ్బు వచ్చినా, దాని పేరు వినడానికి ఎలా ఉన్నా, ముందు పిల్లను ప్రక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మౌనంగా అనుమానించకండి. ఆ పిల్ల రక్తంలోని కణాలు ఆమెను కాపాడటానికి రాత్రింబవళ్ళు పోరాడుతున్నాయి. ఇంట్లో మనుషులం మనం ఆమె పక్షాన నిలబడకపోతే ఎలా?